ముడుపులో మిగిలిన హాలీ నోట్లు

జర దగ్గరికి జరిగి కూర్చోండి, గొంతు పెంచి చెప్పుకునే సంగతి కాదిది. పొద్దున సందుగ సర్దుతుంటే అడుగున పసుపు గుడ్డ చేతికి తగిలింది. ఇన్నేళ్లయినా అందులో పసుపూ కర్పూరమూ కలిసిన వాసన పోలేదు. ఆ వాసనకు నాకు దేవుడు గుర్తుకు రాడు. బ్యాంకు క్యాషియర్ రంగయ్య సారు గుర్తుకొస్తాడు.

కరీంనగర్‌లో మా సాలెవాడ చివరి ఇల్లు ఆయనది. నిజాం రాజ్యం పోయి కొన్నేళ్లయింది. బజారులో ఇంకా రెండు రకాల రూపాయలు తిరుగుతుండేవి, పాత రాజ్యపు హాలీ, ఇండియా సర్కారు కల్దారు. హాలీ ఇక చెల్లదనీ, గడువులోగా బ్యాంకులో ఇచ్చి కల్దారు తీసుకోవాలనీ దండోరా వేయించారు. మగ్గాల చప్పుడులో దండోరా ఎవరికి వినబడుతుంది? అందుకే సారు బ్యాంకు మూశాక గడప గడపకూ తిరిగేవాడు. నేను వాకిట్లో నూలు కండెలు చుడుతుంటే అరుగు మీద కూర్చుని చెప్పేవాడు.

"నోటంటే మాటనే లచ్చవ్వా. మాటిచ్చిన రాజ్యమే పాయె. గా మాటను కొత్త సర్కారు మీదేసుకుంటున్నది. గడువు దాటితె ఇగ ఎవ్వల పూచీ లేదు."

"మరి మీ బ్యాంకే మాట తప్పితె?"

"మా మీద పెద్ద బ్యాంకున్నది. మా లెక్కలు తీస్తది, తప్పుంటె చెవులు పిండుతది."

"అంటె అత్త మీద ఇంకో అత్తనా సారూ?"

లోపల మా అత్త దగ్గింది. సారు పడీ పడీ నవ్వాడు. "గంతే. గా పెద్దత్త లేకుంటె మా అసొంటోళ్లు మీ పైసలు ఆగం జేస్తరు."

పలక మీద నా పేరు దిద్దించిందీ ఆయనే. "ఏలిముద్ర ఎవ్వలన్న చెయ్యి వట్టి ఏయిస్తరు. సంతకం నువ్వే పెట్టాలె" అనేవాడు.

మూడుసార్లు అడిగాడు, ఇంట్లో హాలీ నోట్లున్నాయా అని. మూడుసార్లూ లేవన్నాను.

ఉన్నాయి. మా ఆయన రాజేశం ఒక సావుకారు మగ్గం మీద నేసేవాడు. సొంత మగ్గం కొంటే మొదటి పంచె వేములవాడ రాజన్నకే అని మొక్కి, దానికోసం కూడబెట్టిన నోట్లన్నీ ముడుపు కట్టి దేవుని గూట్లో పెట్టాను. మగ్గం కుదిరేదాకా ముడి విప్పరాదు, బయటివాళ్లకు చెప్పరాదు. దేవుని పేర కట్టాక అవి ఇంటి డబ్బులు ఎట్లా అవుతాయి? అందుకే లేవన్నప్పుడు నాకు అబద్ధమాడినట్టే అనిపించలేదు.

గడువు దాటిన తర్వాతి ఏడు మా వాడలో ఒకాయన మరమగ్గాల పనికి భీవండి వలస పోతూ మగ్గం అమ్ముతానన్నాడు. సంబరంగా ముడుపు విప్పాం. మగ్గం అమ్మేవాడు నోట్లు చూసి, "ఇవి పోరగాండ్లు ఆడుకునే కాయితాలు గదనే" అన్నాడు.

గుడ్డతోసహా సారు ఇంటికి పరుగెత్తాను. నోట్ల మీది పసుపు మరకలు చూసి ఆయన గడప మీదే కూలబడ్డాడు.

"ముడుపా?"

"అవు సారూ."

"చెప్తె గుడి అయ్యగారిని పిలిచి, దేవుని ముందలనే విప్పి, కల్దారు వెట్టి మళ్ల ముడేపిస్తుంటి గద బిడ్డా. చెప్పినోళ్లకు ఇద్దరికి గట్లనే చేయించిన." నోట్లు మళ్లీ గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టాడు. "నీ తప్పేం లేదు. అడుగుడు నేనే తప్పడిగిన. నోట్లున్నయా అంటి గని, ముడుపున్నదా అనకపోతి."

మూడుసార్లు నా గడప తొక్కిన మనిషి ఆ మాటంటుంటే, లేదు సారూ, దాచింది నేను, అనాలి కదా. అనలేదు. ఆయన తన మీద వేసుకుంటుంటే నా బరువు దిగినట్టయింది. తరువాత హైదరాబాదుకు రెండు అర్జీలు రాశాడు. గడువు దాటిందని జవాబొచ్చింది. ఆ ఎండాకాలమే ఆయనను ఆదిలాబాదు బదిలీ చేశారు. సామాను బండికెక్కిస్తుంటే చూస్తూ నిలబడ్డాను. అప్పుడూ నోరు పెగల్లేదు. రెండేళ్లకు ఆయన అక్కడే పోయాడని తెలిసింది.

రాజేశం కళ్లు మసకబారేదాకా పరాయి మగ్గం మీదే నేశాడు. నన్ను ఒక్క మాటా అనలేదు. ఒకసారి మాత్రం, "మగ్గం ఎవలదైతేంది, చేతులు నాయే గద" అన్నాడు. ఆ మాట తిట్టుకన్నా ఎక్కువ కోసింది.

అణాలు పోయి నయా పైసలు వచ్చినప్పుడు, పాత డబ్బులు మార్చుకొమ్మని వాడంతా తిరిగాను. ప్రతి గడపలో మొదట అడిగింది ఒకటే, "దేవుని గూట్ల ఏమన్న ముడేసి పెట్టినవా బిడ్డా?" పదకొండిళ్లలో ముడుపులు బయటికొచ్చాయి. నా బ్యాంకు పుస్తకంలో సంతకం ఇప్పటికీ సారు దిద్దించినట్టే, చివరి అక్షరం కొంచెం పైకి లేచి ఉంటుంది. అది పెట్టిన ప్రతిసారీ ఆయనకు చెప్పని మాట చేతి కింద తగులుతుంది.

విన్నారు కదా, ఇక లేవండి. మీ గూట్లో దీపం కొండెక్కకుండా, మీ మేలు కోరి గడప తొక్కినవాళ్లకు ఉన్నమాట ఉన్నట్టు చెప్పే నోరు మీకుండి, మీ ఇల్లు పిల్లాజెల్లతో చల్లగా ఉండాలి.