నా పేరు మీద వెళ్లిన రెండు మెయిళ్లు

అప్పట్లో చాంద్రాయణగుట్ట దగ్గరి మా గల్లీలో ఎవరి తాళంచెవి వాళ్ల దగ్గర ఉండేది కాదు. బయటికి వెళ్తూ పక్కింట్లో ఇచ్చి వెళ్లడమే అలవాటు. ఇవ్వకపోతే ఏదో మనసులో పెట్టుకుందని అనుకునేవారు. మా ఆయన పోయాక, రోగులను చూసుకునే పని నేర్పే ఆరు నెలల కోర్సులో చేరాను. పాసైతే ఆసుపత్రిలో పని దొరుకుతుందని ఆశ. అక్కడి మేడం నాకు ఈమెయిల్ తీసిచ్చి, పాస్‌వర్డు చీటీ మీద రాసి, "భద్రం" అన్నది. భద్రంగానే, ఆ చీటీని బొమ్మ గీసినట్టు రెండుసార్లు గీసి, మేం ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ఎదురింటావిడకు ఒకటి, పక్కింటి వదినకు ఒకటి ఇచ్చాను. (నాది బటన్ల ఫోను. మెయిల్ వస్తే వాళ్ల ఫోన్లలోనే చూడాలి మరి.)

ఒక వారంలో రెండు రోజులు క్లాసు ఎగ్గొట్టాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు పొద్దున బయల్దేరుతుంటే ఖాలా గుమ్మంలోంచి పిలిచింది. "మీ మేడం మెయిల్ పెట్టింది బేటా. ఎందుకు రాలేదో రాయకుంటే పరీక్షకు కూసోనియ్యదంట. నేను జవాబు కొట్టిచ్చిన, ఫికర్ చెయ్యకు." నాలుగడుగులు వేశానో లేదో వదిన కూడా, "జవాబు పోయింది, నువ్వు నడువు" అన్నది. ఇద్దరూ ఒకే జవాబు సంగతి చెబుతున్నారనుకుని నిశ్చింతగా బస్సెక్కాను.

క్లాసులో మేడం నన్ను నిలబెట్టి, తన ఫోను చూస్తూ అడిగింది. "ఈ మెయిల్ల నీకు కామెర్లు, మంచం మీదికెళ్లి లేస్తలేవు. పావుగంటకు వచ్చిన ఈ మెయిల్ల మీ అత్త పోయింది. ఏది నిజం?" అంతలోనే గుమ్మంలో మా అత్త ప్రత్యక్షమైంది. "అన్నం గిన్నె మర్చిపోయినవేందే."

"ఎవరమ్మా మీరు?" అన్నది మేడం.

"దీని అత్తను."

క్లాసంతా పడీపడీ నవ్వింది. సంగతి విన్న అత్త గిన్నె నా చేతిలో పెడుతూ, "చంపితే చంపిర్రు గానీ, పదకొండో దినం ఏం వండాల్నో గూడ రాసిర్రా?" అని అడిగి వెళ్లిపోయింది.

మేడం నవ్వలేదు. నన్ను వరండాలోకి తీసుకెళ్లింది. "నీ పేరు మీద ఏం పోయినా నువ్వు చెప్పినట్టే లెక్క. రేపు రోగికి మందు ఇచ్చినవా అని అడిగితే గిట్లనే ఇంకెవరో రాస్తరా? అసలెందుకు రాలే?"

ఆ రెండు రోజులూ, మందులిచ్చే వేళలు రాసిన కాగితాలను అందరి ముందూ చదివించే రోజులు. "పద్దెనిమిదేండ్ల పిల్లల ముందట కూడబలుక్కుంట చదువాలంటే సిగ్గయింది మేడం" అన్నాను.

"అదే రాయి. నీ చేత్తోని. సాయంత్రంలోపల వస్తెనే పరీక్ష."

క్లాసులోని కంప్యూటరు ముందు కూర్చుని ఒక్కో అక్షరం వెతికాను. 'చదవడం సరిగా రాక రాలేదు. సిగ్గుపడ్డాను. ఆ రెండు మెయిళ్లు నావి కావు. అత్త బాగుంది.' ఈ ముక్కలకే మధ్యాహ్నమంతా పట్టింది. మేడం పక్క గదిలోనే ఉండి కూడా జవాబు మెయిల్లోనే పంపింది. 'రేపు రా. నా పక్కన కూర్చుని చదువు. పరీక్ష రాస్తావు.' ఎవరినీ అడగకుండా అది చదువుకునేసరికి నా బస్సు వెళ్లిపోయింది. మర్చిపోతానేమోనని ఆ మాటలు పైకి వల్లించుకుంటూ ఇంటిదాకా నడిచాను. ఎదురొచ్చినవాళ్లు, పాపం పిచ్చిదేమో అనుకుని, పక్కకు తప్పుకున్నారు. ఆసుపత్రిలో ఇన్నేళ్లు చేశాక, ఇప్పుడు అలా వల్లించుకుంటూ నడిచే ఆనాటి నాలాంటి మనిషి నాకు రోడ్డు మీద ఎదురైతే నేను మాత్రం తప్పుకోను. ఆపి, ఏదీ, ఇంకొక్కసారి చెప్పు, వింటాను అంటాను.