సాక్ష్యంలో చెప్పని నాలుగు గళ్లు

మా అక్క రెండో కాన్పుకు ముందు పరీక్ష చేయించుకోలేదు. దానికి కారణం నేను, నా చేపలు.

అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల నోట్సు జిరాక్స్ తీసే చిన్న దుకాణం నాది. ఇల్లు బల్కంపేటలో, రెండు గదులు. ముందు గదిలో గోడ పొడవునా ఏంజెల్ చేపల తొట్లు. ఇవి సిక్లిడ్ జాతివి. జత కుదిరితే గుడ్లకూ పిల్లలకూ తల్లీతండ్రీ రెండూ కాపలా ఉంటాయి. పంజాగుట్ట సందులో చేపలమ్మే ఆయన దగ్గర ఒక తల్లి పిల్లల్లోంచే రెండింటిని తెచ్చుకున్నాను. రెండూ వెండి రంగువే, ఒంటి మీద నల్ల చారలు. మూడుసార్లు పెట్టిన గుడ్లు బూజు పట్టి తెల్లబడ్డాయి. తొట్టి ముందు మోకరించి ప్రార్థన చేశాను. నవ్వేవాళ్లు నవ్వవచ్చు, నేను అన్నింటికీ ప్రార్థన చేస్తాను. నాలుగోసారి గుడ్లు పగిలి పిల్లలొచ్చాయి. మూడో వారం దాటినా కొన్నింటి మీద చారలు రాలేదు. ఇంకొన్నాళ్లకు అవి పసుపు తిరిగి బంగారు రంగులో మెరిశాయి.

వెండి చేపలకు బంగారు పిల్లలు. పరుగున పంజాగుట్ట వెళ్లి చెబితే చేపలాయన కనీసం తలెత్తలేదు. ఒక చేపపిల్లకు వల వేస్తూనే అన్నాడు.

"గిండ్ల వింతేముందన్నా. బంగారు రంగు తల్లిల సుత దాగి ఉన్నది, తండ్రిల సుత దాగి ఉన్నది. రెండు దిక్కుల నుంచి ఒస్తెనే బయటపడతది. నాలుగింట్ల ఒకటి. మళ్ల గుడ్లు పెట్టినంక లెక్కపెట్టుకో, నేను చెప్పినట్లే రాకుంటె నా దుకాణం బంద్ చేస్త."

నాకది రుచించలేదు. నా ప్రార్థనకు జవాబు వచ్చిందనుకుంటుంటే ఈయన నాలుగింట ఒకటి అంటాడేమిటి అనుకున్నాను.

ఆ వారమే అక్క నన్ను తోడు తీసుకొని లక్డీకాపూల్ దగ్గర ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. అక్కది మేనరికం, బావ మా మేనమామ కొడుకు. పెద్ద పిల్లవాడికి తలసేమియా. ఆరేళ్లవాడు. మూడు వారాలకోసారి నెత్తురు ఎక్కించకపోతే ముఖం సున్నం కొట్టినట్టు అయిపోతుంది. అక్కకు మళ్లీ రెండో నెల. డాక్టరమ్మ ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీసింది. జబ్బు మీ భార్యాభర్తలిద్దరిలోనూ దాగి ఉంది, మీకేమీ కాదు, ఇద్దరి నుంచీ బిడ్డకు వస్తేనే బయటపడుతుంది, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం అంది. నాలుగో గడిని పెన్నుతో నల్లగా నింపింది. పన్నెండో వారం లోపల పరీక్ష చేస్తే కడుపులో ఉండగానే తెలుస్తుందని చెప్పి, మంగళవారం ఒకటి రాసిచ్చింది.

బస్సులో అక్క అంది: "తెలిసినంక ఏం చెయ్యాల్నో నేను, మీ బావ కూసొని మాట్లాడుకుంటం. తెల్వకుంట మాత్రం కనను తమ్మీ."

ఆ గళ్లు చూశాకే చేపలాయన మాట నాకు తలకెక్కింది. ఇంటికొచ్చి నోట్సు కాగితం వెనక అవే గళ్లు గీశాను. అప్పటికి జత మళ్లీ గుడ్లు పెట్టింది. నాలుగో వంతు బంగారువి వస్తాయని ముందే రాసి పెట్టుకున్నాను. చారలు వచ్చే వయసుకు నూట పన్నెండు పిల్లలు మిగిలాయి. చార లేనివి ఇరవై ఏడు. రెండుసార్లు లెక్కపెట్టాను. మనిషి కంటికి కనిపించని దాన్ని ముందే చెప్పగలిగానన్న గర్వం కూడా కలిగింది, ఒప్పుకోవాలి.

ఆ ఆదివారమే నేను సాక్ష్యం చెప్పాను.

మా చర్చి సంఘంలో పాటలయ్యాక సాక్ష్యాలు ఉంటాయి. దేవుడు తమకేం చేశాడో లేచి చెబుతారు, మిగతావాళ్లు స్తోత్రం అంటారు. నేను సండే స్కూలు నుంచి అక్కడే పెరిగాను. అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞను అందరికంటే ముందు అప్పజెప్పి బహుమతి తెచ్చుకున్నవాడిని. లేచి బూజు పట్టిన గుడ్ల గురించి చెప్పాను, మోకరించడం గురించి చెప్పాను, వెండి చేపలకు బంగారు పిల్లలు పుట్టాయని చెప్పాను. ఒక్క అబద్ధం లేదు. గళ్ల సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే స్తోత్రాలు సన్నబడతాయని మింగేశాను. ఆ గళ్లు కూడా దేవుడు గీసినవే, అది చెప్పినా సాక్ష్యమే అయ్యేది. కానీ అలాంటి సాక్ష్యానికి చప్పట్లు కొట్టేవాళ్లను నేనెప్పుడూ చూడలేదు.

పాస్టరుగారు కోస్తా నుంచి వచ్చినాయన, మంచి గొంతు. నా మాటనే అందుకొని, ఆడవాళ్లు కూర్చున్న వైపు తిరిగారు.

"నీళ్లలో చేపకు రంగు మార్చినవాడు మనిషి నెత్తురు మార్చలేడా అమ్మా?"

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. అక్కలాగా ఇంకా చాలామంది ఏడ్చారు. నేను అప్పుడైనా లేవాల్సింది.

ఆ సాయంత్రం అక్క మా ఇంటికొచ్చి తొట్టి ముందు చాలాసేపు నిలబడింది. నేను టీ పెట్టాను. తాగలేదు.

"ఇవి రెండేనా తల్లీతండ్రీ? వీటికే పుట్టినయా గవి? నువ్వు కండ్లార చూసినవా?"

"చూసిన అక్కా."

గళ్ల కాగితం తొట్టి మూత మీదే ఉంది. చెయ్యి చాస్తే అందేది. మంగళవారం అక్క ఆసుపత్రికి వెళ్లలేదు. వెళ్లలేదని బావ ఫోన్ చేసి చెప్పినప్పుడు, మీ విశ్వాసం గొప్పది బావా అన్నాను.

ఆడపిల్ల పుట్టింది. సంఘమంతా వచ్చి పాటలు పాడింది. ఎనిమిదో నెలలో పిల్ల పాలు తాగడం తగ్గించింది. పెదవులు పాలిపోయాయి. పెద్దవాడి ముఖం చూసి చూసి ఉన్న కళ్లు మావి. రిపోర్టు రాకముందే అందరికీ తెలిసిపోయింది.

తర్వాతి ఆదివారం లేచి, అప్పుడు చెప్పింది సగమేనని మొదలుపెట్టాను. పాస్టరుగారు మెత్తగానే ఆపారు. అలాంటివి చెబితే బలహీనుల విశ్వాసం పడిపోతుందండి, కూర్చోండి అన్నారు. కూర్చున్నాను. పక్కాయన నా భుజం తట్టాడు, పాపం బాధలో ఏదో అంటున్నాడన్నట్టు. బిడ్డ కోసం ఉపవాస ప్రార్థన పెట్టారు. పరీక్ష మాట ఎవరూ ఎత్తలేదు.

అక్కకు మాత్రం అంతా చెప్పాను. చేపలాయన మాట, ఇరవై ఏడు, మూత మీది కాగితం. అక్క బియ్యంలో రాళ్లు ఏరుతోంది, ఆపలేదు. ఏరుతూనే అంది: "డాక్టరమ్మ గీస్తున్నప్పుడు నా పక్కనే కూసున్నవు కద."

ఆ జతను తిరిగి పంజాగుట్టలో ఇచ్చేశాను. మంచి జతను ఎవరైనా వదులుకుంటరా అని చేపలాయన వింతగా చూశాడు.

ఇప్పుడు నెత్తురు ఎక్కించే రోజున పిల్లలిద్దరినీ ఒకేసారి తీసుకెళ్తాం. పెద్దవాడు తనే చెయ్యి చాపుతాడు. చిన్నదాన్ని నేను గట్టిగా పట్టుకోవాలి. పోయినసారి సూది దిగాక అది ఏడ్చి ఏడ్చి నా మీదే నిద్రపోయింది. అక్క ఎదురుగా కూర్చొని సంచిలోంచి పడుతున్న చుక్కలను చూస్తూ అంది:

"దేవుని మీద నాకు కోపం లేదు తమ్మీ."

మిగతా మాట కోసం నేను ఎదురుచూశాను. అక్క లేచి, పిల్ల చేతికింద మడతపడ్డ గొట్టాన్ని సరిచేసి, మళ్లీ కూర్చుంది.