లచ్చవ్వను పడుచువాడని లెక్కేసిన సైటు

నేను చెప్పే దేవుని వాక్యం వినేవాళ్లు దాదాపు అందరూ ఇరవై ఏళ్ల మగపిల్లలేనని మా వెబ్‌సైటు లెక్క చూపించింది. నమ్మాను. నెల రోజులుగా తాగుడు మీద, బైకుల మీద ఉరిమి ఉరిమి గొంతు పోగొట్టుకున్నాను.

ఈ రోజు కోరుట్లలో బీడీలు చుట్టే అమ్మల దగ్గరికి వెళ్లాను. పది మంది మధ్యలో ఒక్క ఫోను, అందులో నా గొంతే. లచ్చవ్వ తునికాకు కత్తిరిస్తూ, తలెత్తకుండానే అడిగింది.

"ఏందయ్యా, నెల సంది గట్ల తిడుతున్నవ్? మేమేమన్న తాగి బండి నడుపుతున్నమా? మా ముసలాయన పోయినప్పటి సంది నీ మాట ఇనే పండుకుంటున్న. ఇప్పుడు నిద్రనే వస్తలేదు."

ఆ ఫోను ఆమె మనుమడిదట.

సైటు చూసే మా బావమరిదికి అక్కడి నుంచే ఫోన్ చేశాను. "బావా, అది మనిషిని చూడదు. ఫోను ఎవరి పేరు మీదుంటే గాయినే ఇన్నడని అంచనా ఏస్తది. పది మంది ఇన్నా ఒక్కడే. మనమేం జెయ్యలేం" అన్నాడు.

బైబిల్లో జనాన్ని లెక్కపెట్టించి దేవుని కోపం తెచ్చుకున్న రాజును నేనెన్నిసార్లు గద్దించానో! అదే పాపాన్ని నెల రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను.

ఇంటికొచ్చి సైటు లెక్క మళ్లీ చూశాను. లచ్చవ్వ ఇంకా ఇరవై ఏళ్ల పిల్లవాడే. నా వాక్యం వినేవాళ్లారా, మీరు ఎవరి ఫోనులో వింటున్నారో ఈ పేజీ కింద రాయండి. రాయడం రాని అమ్మలు పక్కన ఉంటే వాళ్ల పేరూ మీరే రాయండి. ఈ పూట వాక్యం మాత్రం లచ్చవ్వ నిద్ర కోసం. పోరగాళ్లు నిజంగా ఎవరైనా ఉంటే, కాస్త ఓపిక పట్టండి.