కిటికీ సీటు హీరో

పాల్వంచలో బస్సెక్కి, కళ్లు నవల్లోనే పెట్టుకుని, ఖాళీగా ఉన్న కిటికీ సీట్లో కూర్చున్నాను. ఆ నవల్లో హీరో ఎప్పుడూ మొహం ముడుచుకునే ఉంటాడు. హీరోయిన్ అది పొగరనుకుంటుంది. లోపలున్నది ప్రేమ అని మూడొందల పేజీల దాకా ఆమెకు తెలియదు. ఇంత తెలివితక్కువదేమిటని నాకు ఒళ్లు మండింది.

అప్పుడే ఖాకీ చొక్కా వేసుకున్న ఒకాయన జనాన్ని తోసుకుంటూ వచ్చి, నా పక్కన నిలబడి గుర్రుగా చూశాడు. పొగరే! కానీ నేనా ఆ పిల్లలాగా మోసపోయేది? కొత్తగూడెంలో నా పక్క సీటు ఖాళీ అయినా ఆయన కూర్చోలేదు. ఎంత బిడియమో! నేను జుట్టు సర్దుకున్నాను.

నేను దిగాల్సిన జూలూరుపాడు వచ్చింది. ఉండబట్టలేక నేనే అడిగాను: "ఏందండి, నాతోని ఏమన్నా చెప్పాల్నా?"

"అవ్ మేడం. కిటికీలకెల్లి దస్తీ ఏసి సీటు ఆపుకున్న. మీరు దాని మీదనే కూసున్నరు. ఆడోళ్లను లేపుడెందుకని ఊకున్న."

లేచాను. నలిగిన చేతిరుమాలు దులుపుకుని, సీట్లో కూర్చుని, ఆయన మొదటిసారి నవ్వాడు. ఆ నవ్వు నిండా ప్రేమే. కిటికీ సీటు మీద.