రెండు ఇంటిపేర్ల గేటుపాసు

మొన్న ఈ హిందీ ఊళ్లోనే తెలీబంధా పేటలో ఉండే మా అక్క కూతురు, పెళ్లయి ఇంకా నెల తిరగని పిల్ల, ఇంటిపేరు మార్చుకుంటావా అని ఆఫీసువాళ్లు ఫోనులోనే అడుగుతున్నారని చెప్పి, అయినా రేషన్ కార్డులో బాబాయి ఇంటిపేరూ, పనిలో తాతయ్య ఇంటిపేరూ ఎందుకు పెట్టుకున్నావు పిన్నీ అంది. ఇన్నేళ్లలో ఎవరూ అడగని మాట. జవాబు కాస్త పెద్దదే. మన ఈడువాళ్లకైతే త్వరగా అర్థమవుతుంది.

ఇదే ఊళ్లో గుఢియారీ పేటలో పట్టాల పక్క ఇంట్లో పెరిగినదాన్ని. గూడ్సు బండి పోతుంటే పెట్టెల మీది అంకెలు కూడుకోవడమే నా ఆట. పదో తరగతితో చదువు ఆగినా ఆ లెక్కలు ఆగలేదు, రెండు వేల సంవత్సరంలో ఒక ఇనుప కర్మాగారంలో లారీలు తూచే కాటా దగ్గర ఉద్యోగం వచ్చిందీ వాటివల్లే. నిండు లారీ తూకంలోంచి ఖాళీ తూకం తీసేసి, డ్రైవరు దిగి వచ్చేలోపే చీటీ రాసి సంతకం పెట్టేదాన్ని. అలా ఆరేళ్లు గడిచాక పెళ్లయింది. ఐదేళ్లు నిండినవాళ్లను పర్మనెంటు చేస్తామని అప్పుడే చెప్పారు. నా హాజరీ నేను విడిగా రాసుకునేదాన్ని గనక నాకు తెలుసు: వెయ్యిన్నీ ఎనిమిది వందల ముప్ఫై రెండు రోజులు.

అత్తగారి ముచ్చట కొద్దీ ఇంటిపేరు మార్చమని అర్జీ పెట్టాను. నేను పైల సరోజినిని; అత్తవారు బగాదివారు. మనలో ఇంటిపేరు ముందుంటుందని ఆ ఆఫీసులో ఎవరికైనా చెప్పాలని నాకు తోచనే లేదు. వారం తిరిగేసరికి కొత్త గేటుపాసు వచ్చింది. నా ఫొటో కింద ‘పైల బగాది’ అని ఉంది. చివరి మాటే ఇంటిపేరనుకునే గుమాస్తా, సరోజినిని కొట్టేసి ఆ చోట బగాది పెట్టాడు. పుట్టిల్లుంది, అత్తిల్లుంది, నేను లేను. కోపం రావలసిందే గాని వింతగా అనిపించి, ఈ పైల బగాది ఎవరో, ఎలా ఉంటుందో అని పాసును తిప్పి తిప్పి చూశాను.

అప్పుడు కనబడింది, చేరిన తేదీ. ఆ వారానిదే. కొత్త పేరుకు రిజిస్టరులో కొత్త పేజీ తెరిచి, నన్ను కొత్త మనిషిగా రాసుకున్నారు. పర్మనెంటు జాబితా వెళ్లడానికి ఇంక నాలుగు రోజులు. తప్పు దిద్దడానికి పై ఆఫీసు నుంచి అనుమతి రావాలంటే నెలన్నర. పెద్ద గుమాస్తా పాన్ నములుతూ తేల్చేశాడు: “దేఖో బేటీ, పురానా నామ్ తో ఛే సాల్, నయా నామ్ తో ఛే దిన్.” పాత పేరైతే ఆరేళ్లు, కొత్త పేరైతే ఆరు రోజులు. అంత సులువైన తీసివేత నేను కాటా మీద ఎన్నడూ చెయ్యలేదు. అర్జీ వెనక్కి తీసుకుంటే పాత పేజీ అలాగే ఉంటుందట; తీసేసుకున్నాను.

ఇంట్లో చెప్పాక అత్తగారు చెయ్యి కడుక్కుంటూ, “మా ఇంటిపేరు నీ కాటాకి తూగలేదేటే?” అన్నారు. మా ఆయన నవ్వి, “ఆరేళ్ల హాజరీ పోద్దే అమ్మా, ఛోడోనా, వదిలెయ్” అన్నారు. జాబితాలో నాది పదకొండో పేరు. రోజులు ఒక్కటి కూడా తగ్గలేదు. తర్వాత తీరిగ్గా మార్పించుకోవచ్చు గాని, మళ్లీ ఆ బల్ల దగ్గరికి వెళ్లడానికి కాళ్లు రాలేదు.

పుట్టింటి పేరు నిలబెట్టుకున్నానని మెచ్చుకునేవాళ్లున్నారు. నేను చూసుకున్నది నా రోజుల్నే అని వాళ్లకు చెప్పను. ఇప్పుడు ప్రతి మనిషికీ ఒక నంబరుంటుంది. పేరు ఎన్నిసార్లు మారినా చేసిన పని ఎక్కడికీ పోదు. ఆ తొందర లేకుండా, రెండు పేర్లూ ముందు పెట్టి నీకేది కావాలని నన్నెవరైనా అడిగి ఉంటే ఏమనేదాన్నో, ఎన్నిసార్లు ఆలోచించినా తేలదు. అలా అడిగే కాలం వచ్చేసరికి నాకు ఈ పేరు అలవాటైపోయింది.