ఎర్ర బండికీ పచ్చ బండికీ మధ్య ఒక బకెట్టు

ఇప్పుడంటే దోహాలో పెద్ద బండ్లు నడిపేవాళ్ళు నాకు ఫోన్ చేసి "ఇది కొనాలా, అది కొనాలా" అని అడుగుతున్నారు గానీ, ఆ రోజుల్లో నన్నెవరూ టైమెంతయిందని కూడా అడిగేవారు కాదు. (అడిగినా చెప్పడానికి చేతికి వాచీ లేదు. పొద్దంతా నీళ్ళలో ఉండే చేతికి వాచీ ఎన్నాళ్ళు బతుకుతుంది?) సనయ్యలో, అంటే వర్క్‌షాపులన్నీ ఒకచోట ఉండే పేటలో, రేసు మోటార్‌సైకిళ్ళు బాగుచేసే ఒక షెడ్డులో నా ఉద్యోగం. ఉద్యోగమంటే బండ్లు కడగడం. వెస్ట్ బే టవర్లలో పనిచేసే దొరల బండ్లూ, అల్ సద్ కుర్రాళ్ళ బండ్లూ దుమ్ము కొట్టుకుని వచ్చేవి, నా చేతిలో పడి అద్దాల్లా మెరుస్తూ వెళ్ళేవి. వాటిని కడిగేది ఎవరో వాటి యజమానులకు తెలియదు, నాకు మాత్రం వాటి ఒంటి మీద ప్రతి మచ్చా తెలుసు.

అసలు నేను వచ్చింది మెకానిక్‌నని. మా మేనమామకు మెట్‌పల్లి బస్ డిపో దగ్గర రేకుల షెడ్డు ఉంది. స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడంటే లోపల రోగమేమిటో చెప్పేసేవాడు. పదో తరగతి తప్పాక నేను ఆయన దగ్గర నాలుగేళ్ళు పని నేర్చుకున్నాను. ఏజెంటు "మెకానిక్ వీసా" అన్నాడు, ఇక్కడ దిగాక కాగితాల్లో "క్లీనర్" అని ఉంది, చేతికి పానా రావలసిన చోట బకెట్టు వచ్చింది. ఆ సంగతి ఇంటికి చెప్పుకునే ధైర్యం నాకు లేకపోయింది. ఎందుకంటే అప్పటికే మామ డిపో దగ్గర టీ తాగేవాళ్ళందరికీ "మా అల్లుడు దుబాయ్‌ల పెద్ద బండ్లకు మెకానిక్" అని చాటేశాడు. (ఇది ఖతర్ మామా అని ఎన్నిసార్లు చెప్పినా "ఆఁ, అదే దుబాయ్" అనేవాడు.)

ఒక అబద్ధం ఆడితే దానికి కాపలాగా ఇంకో నాలుగు ఆడాలి కదా. "పనిచేస్తున్న ఫోటో పంపురా" అన్నాడు మామ. మా షెడ్డుకు సామాన్లు తెచ్చే డ్రైవర్, ముఐథర్‌లో నాతో ఒకే గదిలో ఉండే హైదరాబాద్ భాయ్, నా కష్టం చూసి ఒక పానా అరువు తెచ్చిచ్చాడు. "సీనా తాన్‌కే ఖడా రహో మియా, మెకానిక్ దిఖ్నా" అంటూ ఫోటో తీశాడు. ఒక బండి ముందు పానా పట్టుకుని, ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. ఫోటో చూసి మామ ఫోన్ చేశాడు. "పోజు మంచిగున్నది గని, చేతికి మసి లేదేంది అల్లుడా?" అన్నాడు. "ఇక్కడ గ్లౌజులిస్తరు మామా" అన్నాను. "అట్లనా" అని ఊరుకున్నాడు. గండం గడిచిందనుకున్నాను.

ఇలా ఉండగా ఒక గురువారం మా షెడ్డుకు ఒక ఖతరీ యువకుడు వచ్చాడు. ఒంటి మీద పాదాల దాకా తెల్లటి తోబు, చేతిలో తస్బీ జపమాల, ముఖం మీద పెళ్ళిచూపులకు వచ్చినవాడి అయోమయం. అమ్మకానికని ఎవరో మా దగ్గర వదిలిన రెండు రేసు బండ్లు పక్కపక్కన నిలబడి ఉన్నాయి. ఒకటి ఇటలీ నుంచి వచ్చిన ఎర్రది, ఇంకొకటి జపాన్‌ది, చిలకపచ్చ. రెండూ ఒకదాన్ని ఓడించడానికి ఇంకొకటి పుట్టినవే. మర్నాడు పొద్దున స్నేహితులతో దుఖాన్ రోడ్డు మీద దౌడు తీయాలి, ఆలోగా ఒకటి తేల్చుకోవాలి. మా ఫోర్‌మన్‌ను అందరం చేట్టన్ అనేవాళ్ళం, కేరళ మనిషి, పనిలో రాక్షసుడు. ఆయన పచ్చదాన్ని తానే తనిఖీ చేసి పాస్ చేశానని చెప్పి, అదే తీసుకోమని సలహా ఇచ్చి మధ్యాహ్నం జుహర్ నమాజు వేళకు భోజనానికి లేచాడు. కుర్రాడి కళ్ళు మాత్రం ఎర్రదాన్ని వదలడం లేదు. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేసి, చివరికి గుడ్డ పట్టుకుని నిలబడ్డ నన్ను చూశాడు. "యల్లా, నువ్వు చెప్పు. నీకు కమీషన్ లేదు కదా. ఏది?" అన్నాడు. (సగం ఇంగ్లీషు, పావు అరబ్బీ, మిగతాది హిందీ. మా అందరి భాషా అదే.)

బండి గురించి ఒకరు నన్ను అభిప్రాయం అడగడం అదే మొదలు. "కడిగేవాడిని సార్, నాకేం తెలుసు" అని ఉంటే ఈ కథ లేదు. నా నోరు మాత్రం "మాది మెకానిక్‌ల ఖాందాన్ సార్. ఇండియాలో మా ఉస్తాద్ ఉన్నాడు. ఒక్క నిమిషం" అనేసింది. అని ఊరుకున్నానా, మామకు వీడియో కాల్ చేశాను. చుట్టూ రేసు బండ్లు, పక్కన తోబు వేసుకున్న షేక్, ఆయన నన్ను సలహా అడుగుతున్నాడు. ఇంతకంటే మంచి సాక్ష్యం మామకు ఎప్పుడు దొరుకుతుంది?

మామ ముఖం తెర నిండా వచ్చింది. ఆయన భుజాల వెనక బండ్లు రిపేరుకు తెచ్చిన ముగ్గురు తలలు దూర్చారు. సంగతి చెప్పగానే మామ గొంతు సవరించుకుని, డాక్టరు రోగిని చూసినట్టు రెండు బండ్లనూ చూశాడు. "లీటర్‌కు ఎంతిస్తది?" అన్నాడు మొదట. నేను తర్జుమా చేస్తే షేక్ పగలబడి నవ్వాడు. "వెనక సీటు గింతే ఉన్నదేందిరా? రేపు ఇంటామె ఎట్ల కూసుంటది?" ఇది రెండో ప్రశ్న. ఇంకా పెళ్ళి కాలేదన్నాడు షేక్. "కాకుంటే ఐతది, ముందుగాల సీటు చూసుకోమను" అన్నాడు మామ. వెనక ముగ్గురూ తలలు ఊపారు. "సరే, ఒక్కొక్కటి చాలు చెయ్యమను."

పచ్చది స్టార్ట్ చేస్తే సన్నాయిలా పలికింది. మామ కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత ఎర్రది. చాలు కాగానే డబ్బాలో మొలలు వేసి ఊపినట్టు గలగలగల. మామ అదిరిపడ్డాడు. "బంద్ చెయ్! బంద్ చెయ్! క్లచ్ పోయింది. ప్లేట్లన్నీ అరిగిపోయి ఉన్నయ్. అది ముట్టుకోవద్దని చెప్పు." నాకూ అదే అనిపించింది. నాలుగేళ్ళ నా చదువు కూడా అదే చెబుతోంది. "సార్, మాఫీ క్లచ్. ఖలాస్" అని, అంటే క్లచ్ లేదు, దాని పని అయిపోయిందని, ఎర్ర బండికి మరణశిక్ష వేసేశాను. షేక్ ముఖం వాడిపోయింది.

సరిగ్గా అప్పుడే చేట్టన్ చేయి కడుక్కుని వచ్చాడు. సంగతి విని పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ బండి క్లచ్ నూనెలో మునిగి ఉండదట, పొడిగా ఉంటుందట, ఆ గలగల దానికి పుట్టుకతో వచ్చిన గొంతట, ఆ చప్పుడు వినడానికే జనం అంత డబ్బు పోస్తారట. నవ్వు ఆగాక కోపం వచ్చింది. "నిన్నెవరు అడిగార్రా? తూ ధోనేవాలా హై. ధో!" అని, కడిగేవాడివి కడుక్కోమని గద్దించాడు. హిందీ మెట్‌పల్లి దాకా చక్కగా వినిపించింది. మామకు హిందీ బాగా వచ్చు. వెనక ముగ్గురికీ వచ్చు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. ఫోన్ ఛాతీకి ఆనించుకుని, దొరికిన దొంగలా నిలబడ్డాను.

షేక్ నిట్టూర్చి "ఖలాస్, పచ్చది" అన్నాడు. చేట్టన్ కాగితాలు తీశాడు. నా చేతిలో ఇంకా తడిగుడ్డ ఉంది. ఆ గుడ్డకు ఒక సంగతి తెలుసు. పచ్చ బండిని మూడు వారాలుగా రోజూ కడుగుతున్నాను. కుడివైపు పచ్చరంగు ఎండకు వెలిసింది, ఎడమవైపు కొత్త ఆకులా ఉంది. పైగా ఎడమవైపు ట్యాంకు కింద తుడిచినప్పుడల్లా గుడ్డ పోగు చిక్కుకుంటుంది, కుడివైపు జారిపోతుంది. చెబితే తనిఖీ చేసిన చేట్టన్‌నే తప్పుపట్టినట్టు, నా బకెట్టు కూడా ఊడిపోవచ్చు. చెప్పకపోతే ఆ కుర్రాడు పొద్దున్నే దాని మీద దుఖాన్ రోడ్డెక్కుతాడు. నా ఛాతీ దగ్గర నుంచి మామ గొంతు మెల్లగా వచ్చింది. "ఏందిరా, ఏమన్న ఉన్నదా? ఉంటే చెప్పు, భయపడకు."

"సార్, ఇది ఎడమవైపు పడ్డ బండి" అన్నాను. "నేను మెకానిక్‌ను కాదు సార్. కడిగేవాణ్ణి. కడిగేవాణ్ణి కాబట్టే చెప్తున్నా." ఆ మాటతో అబద్ధం దిగిపోయి ఒళ్ళు తేలికైంది. చేట్టన్ నన్ను మింగేసేలా చూశాడు. నేను గుడ్డను ఆ చోట రెండుసార్లు తుడిచి చూపించాను. రెండుసార్లూ చిక్కుకుంది. ఆయన పానా తెచ్చి పక్క ప్యానెల్ విప్పాడు. లోపల ఫ్రేముకు నిలువునా పగులు, దాని మీద ఎవరో వెల్డింగు చేసి రంగు పూసిన గీత. ఆ గీత పొడవునా వేలితో తడిమి చూశాడు. తర్వాత లేచి షేక్‌కు "తప్పు నాది" అన్నాడు. (రాక్షసుడే గానీ నిజాయితీ గల రాక్షసుడు.) అటు తిరిగి పానా నాకిచ్చి, "రెండోవైపు నువ్వు విప్పు" అన్నాడు.

ఖతర్‌లో నా చేతికి న్యాయంగా వచ్చిన మొదటి పానా అది. సాయంత్రానికి షేక్ ఎర్ర బండి మీద గలగలలాడుతూ వెళ్ళాడు. వెళ్ళేముందు ఫోన్ అడిగి తీసుకుని, మామకు సలాం చెప్పాడు. మామ "సీటు మాత్రం పెద్దది పెట్టించుకో బిడ్డా" అన్నాడు.

ఆ శుక్రవారం ఫోన్‌లో మామకు క్షమాపణ చెప్పబోయాను. ఆయన అడ్డం వచ్చాడు. "నా దగ్గరికి వచ్చిన మొదటి రెండేండ్లు నీకు ఏం పని చెప్పిన?" "కిరసనాయిల్ల సామాన్ కడుగుడు." "మరి? కడిగినోనికే బండి తెలుస్తది. పచ్చదాని గొంతు ఇని గంత మొనగాన్ని నేనే ఆగమైన, నువ్వు కాలే. గా గలగల గురించి మళ్ళొక్కసారి చెప్పు, ఈడ ముగ్గురు నా మాట నమ్ముతలేరు."

ఇప్పుడు అదే షెడ్డులో నేను మెకానిక్‌ను. చేట్టన్ ఊరికి వెళితే ఆయన కుర్చీ నాదే. ఎవరైనా రెండు బండ్ల మధ్య తేల్చుకోలేక వస్తే, నేను ముందు నీళ్ళూ గుడ్డా తెమ్మంటాను, కడిగాకే మాట్లాడతాను. పోయినసారి సెలవుకు మెట్‌పల్లి వెళితే, మామ షెడ్డులో గోడ మీద ఆ పాత ఫోటో అద్దం కట్టి ఉంది, అరువు పానాతో ఛాతీ విరుచుకున్నది. "అది తియ్యి మామా, మొత్తం అబద్ధం. మంచి ఫోటోలు ఎన్ని పంపిన?" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "బండి టైరు పక్కన చూడు" అన్నాడు. దగ్గరికి వెళ్ళి చూశాను. టైరు పక్కన నా నీలం బకెట్టు, దాని అంచున ఆరేసిన గుడ్డ.

"ఫోటో వచ్చిన నాడే చూసిన" అన్నాడు మామ. "నా అల్లుని ఫోటో, నా గోడ మీద ఉంటది."

ఫోటోలోని ఆ ఇరవై రెండేళ్ళ కుర్రాడు ఏమీ తెలియనట్టు, లోకాన్నంతా మోసం చేశానన్న ధీమాతో నా వంక చూస్తున్నాడు. నాకు నవ్వొచ్చింది, కళ్ళు కూడా చెమర్చాయి. నీళ్ళలో నాని ముడతలు పడ్డ వాడి వేళ్ళు ఆ ఫోటోలో ఎంత స్పష్టంగా కనిపిస్తున్నాయో, పాపం, వాడికి తెలియదు.