కమిట్ అయిపోయిన దేవి

దేవి పొద్దున్న తొమ్మిదింటికి కంప్యూటర్ ముందు కూర్చుంటే, సాయంత్రం దాకా నోరు విప్పే పని పడదు. మల్కాపురంలో మేడ మీద అద్దె గది, అందులో ఆమె ఒక్కతే. పుట్టి పెరిగింది మాత్రం చేపల రేవులో. పదిమంది ఒకేసారి అరిస్తే గాని బేరం తెగని చోటు అది. ముప్పై ఏళ్ళ వయసులో కోర్సు చేసి మరీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం సంపాదించింది. తీరా చేరాక పలకరించే దిక్కు లేదు. ఆఫీసు పేరుకి దువ్వాడలో ఉంది గాని, జట్టులో ఆరుగురూ ఎవరింట్లో వాళ్ళు పనిచేస్తారు. చేరిన రోజున ఒక్కసారి అందరి ముఖాలూ చూసింది, అంతే.

"ఆపీసులో మనుసులున్నారేటే, నేరా?" అని తల్లి చిట్టమ్మ ఫోన్లో అడుగుతుంది.

"ఉన్నారమ్మా. నాను రాసింది సూత్తారు."

ఆ మాట నమ్మే అంది. పడవలవాళ్ళకి గాలీ వానా కబురు చెప్పే యాప్ ఆ జట్టు చేస్తున్నది. అందులో వేట నిషేధం రోజులు చూపించే పేజీ దేవిది. అందరి పనీ గిట్ అనే చోట కలుస్తుందనీ, చేసిన పని కమిట్ చేయాలనీ, కమిట్ చేసినప్పుడల్లా ఏం చేశామో ఒక ముక్క రాయాలనీ కోర్సులో చెప్పారు. ఆ తర్వాతి పాఠం రోజున ఆమె క్లాసుకి వెళ్ళలేదు. అయినా కమిట్ అంటే మన తెలుగువాళ్ళకి వేరే చెప్పాలా! ఫలానా పెళ్ళికి వస్తానని కమిట్ అయిపోయాం అంటే, నలుగురి ముందూ మాట ఇచ్చేసినట్టే. దేవి కూడా అలాగే అనుకుంది. కమిట్ కొడితే అందరి ముందూ పెట్టేసినట్టే అనుకుని మూడు వారాల పాటు రోజూ కొట్టింది.

మొదట్లో "తేదీలు సరిచేశాను" అని బుద్ధిగా రాసేది. ఎవరూ ఉలకలేదు, పలకలేదు. "ఎవరైనా చూశారా?" అని రాసింది. ఆ తర్వాత సొంత గోడు కూడా ఇంగ్లీషు అక్షరాల తెలుగులో రాసేయడం మొదలుపెట్టింది. ఒకరోజు "ఇవాళ ఎవరితోనూ మాట్లాడలేదు" అని రాసింది. దానికీ జవాబు లేదు. ఇంత రాతిగుండె మనుషులు ఎక్కడ దొరికార్రా బాబూ అని ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం టీమ్ లీడర్ కృష్ణంరాజు ఫోన్ చేశాడు.

"దేవి గారూ, పెట్టాను పెట్టాను అంటారు. ఇక్కడ అక్షరం ముక్క లేదు. సాయంత్రానికి పని కనబడకపోతే సోమవారం నుంచి రావద్దని చెప్పాల్సొస్తాది."

"రోజూ కమిట్ సేత్తన్నానండీ!" కంగారులో రేవు యాస వచ్చేసింది.

"పుష్ కొట్టట్లేదా? అయ్యో! కమిట్ చేసింది మీ కంప్యూటర్లోనే ఉంటాదండీ. పుష్ కొడితేనే మాకొస్తాది. ముందు పుల్ కొట్టండి, మా పని మీకు దిగుతాది. తర్వాత పుష్ చేయండి."

పుల్ కొట్టింది. మూడు వారాలుగా మిగతావాళ్ళు రాసినవన్నీ గబగబా దిగాయి. అనూరాధ అనే ఆవిడ "సరిచేశాను", "మళ్ళీ సరిచేశాను", "ఈసారి నిజంగా సరిచేశాను" అని రాసింది. దేవికి నవ్వొచ్చింది. ఇన్నాళ్ళూ వాళ్ళ రాతలు తనూ చూడలేదన్నమాట.

పుష్ అని టైపు చేసి ఆగిపోయింది. పని ఒక్కటే వెళ్ళదు. దానితో పాటు తను రాసిన ప్రతి ముక్కా, తేదీలతో సహా వెళ్తుంది. చెరిపే దారి ఏదో ఉండే ఉంటుంది. కానీ అడగాలంటే ఏం రాసిందో చెప్పాలి. పంపకపోతే ఉద్యోగం పోతుంది, పంపితే పరువు పోతుంది. నాలుగయ్యేదాకా గదిలో అటూ ఇటూ తిరిగి, ఏదైతే అదవుతుందని కొట్టేసింది.

కాసేపటికి కృష్ణంరాజు మెసేజీ పెట్టాడు. "పని బాగుంది. సోమవారం మామూలే." రాతల గురించి ఒక్క మాట లేదు. చదవలేదన్నమాట అని దేవి ఊపిరి పీల్చుకుంది. చదవలేదే అని దిగులు కూడా పడింది.

అరగంట తర్వాత ఏదో కొత్త నంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

"నాను అనూరాధనండీ. పదమూడో తారీకున జొరమని రాశారు కదా. తగ్గిందేటండీ?"

ఆ జ్వరం వచ్చి పన్నెండు రోజులైంది. మర్నాటికే తగ్గిపోయింది కూడా. తగ్గిందంటే ఆవిడ మంచిదండీ అని పెట్టేస్తుంది.

"ఇంకా కొంచెం ఉందండీ" అంది దేవి.

అయ్యయ్యో అంటూ అనూరాధ ఏ మాత్ర వేసుకోవాలో, మిరియాల కషాయం ఎలా కాచాలో చెప్పడం మొదలుపెట్టింది. దేవి ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుని, అన్నిటికీ ఊఁ కొడుతూ కూర్చుంది.